జాన్సన్ సిటీ ఆర్చి మీద రాసిన మాట: ఈ బూట్ల ఊళ్ళ కథ తెలిసినవాళ్ళు చెప్పండి

కృష్ణ_నుంచి_సుస్క్వెహన్నా | ఆగస్టు 22, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఈ నెలలోనే న్యూయార్క్ రాష్ట్రంలోని బింగమ్‌టన్ యూనివర్సిటీకి వచ్చాను. మా ఫార్మసీ స్కూల్ మెయిన్ క్యాంపస్‌లో లేదు, పక్కనే జాన్సన్ సిటీ అనే చిన్న ఊళ్ళో ఉంది. రోజూ మెయిన్ స్ట్రీట్ మీద బస్సులో వెళ్తుంటే రోడ్డుకు అడ్డంగా ఒక పెద్ద ఆర్చి కనిపిస్తుంది. దాని మీద ‘హోమ్ ఆఫ్ ద స్క్వేర్ డీల్’ అని రాసి ఉంది. మన ఊళ్ళలో ఆర్చి అంటే గుడిదో, నాయకుడిదో, దాత పేరు మీదదో అయి ఉంటుంది. ఇది ఎవరిదని అడిగితే “బూట్ల ఫ్యాక్టరీ వాళ్ళది” అన్నారు. మా పక్కన నర్సింగ్ కాలేజీ ఉన్న కట్టడం కూడా ఒకప్పుడు బూట్ల కంపెనీదేనట. పార్కు, లైబ్రరీ, ఎక్కడ చూసినా జాన్సన్ అనే పేరే.

ఇప్పుడు మాత్రం ఇక్కడ బూట్లు తయారుచేసే చోటు ఒక్కటీ కనిపించలేదు. ఈ ప్రాంతంలో చాలా ఏళ్ళుగా ఉంటున్న తెలుగువాళ్ళు ఎవరైనా ఉంటే, అసలు ఏం జరిగిందో చెప్పగలరా?

---

పాత_ఎండికాట్ | ఆగస్టు 22, రాత్రి 11:15

స్వాగతం తమ్ముడూ. నేను 1996లో ఐబీఎం పని మీద ఎండికాట్ వచ్చాను. మీ జాన్సన్ సిటీకి పడమటి పక్కన ఉన్న ఊరే. బింగమ్‌టన్, జాన్సన్ సిటీ, ఎండికాట్, ఈ మూడింటినీ కలిపి ట్రిపుల్ సిటీస్ అంటారు. రెండేళ్ళు అనుకుని వచ్చి ఇక్కడే ఉండిపోయాను. ఈ ఊరి కథ నాకు చాలా ఇష్టం, కొంచెం పొడుగ్గానే చెప్తాను.

1854లో బింగమ్‌టన్‌లో లెస్టర్ అన్నదమ్ములు బూట్ల వ్యాపారం పెట్టారు. ఊళ్ళో చోటు చాలక 1890 ప్రాంతంలో ఊరి బయట పడమటి వైపు పొలాల్లో పెద్ద ఫ్యాక్టరీ కట్టుకున్నారు. దాని చుట్టూ పెరిగిన ఊరికి లెస్టర్‌షైర్ అని పేరు పెట్టారు. కానీ అప్పులు మీదపడ్డాయి. వాళ్ళకు తోలు అరువిచ్చిన మసాచుసెట్స్ వ్యాపారి హెన్రీ బి. ఎండికాట్ చేతికి కంపెనీ వెళ్ళిపోయింది.

అక్కడ జార్జ్ ఎఫ్. జాన్సన్ అనే ఫోర్‌మన్ ఉండేవాడు. 1857లో పుట్టాడు, 13వ ఏటనే బూట్ల ఫ్యాక్టరీలో పనికి చేరినవాడు. ఎండికాట్ దగ్గరికి వెళ్ళి ఈ ఫ్యాక్టరీ నాకు అప్పగించండి, నడిపి చూపిస్తానన్నాడు. నడిపి చూపించాడు కూడా. 1899లో ఇద్దరూ భాగస్తులయ్యారు. వాటా కొనడానికి జాన్సన్ దగ్గర డబ్బు లేదు. 1,50,000 డాలర్లకు ప్రామిసరీ నోటు రాసిచ్చాడు. ఎండికాట్-జాన్సన్ అనే పేరు అలా వచ్చింది, ఇక్కడి ముసలివాళ్ళు ‘ఈజే’ అంటారు.

ఆ తర్వాత ఇంకా పడమటికి వెళ్ళి కొత్త ఫ్యాక్టరీలు, తోళ్ళ కార్ఖానాలు కట్టారు. ఆ ఊరు ఎండికాట్, 1906లో విలేజ్ అయింది. 1916లో లెస్టర్‌షైర్ పేరు తీసేసి జాన్సన్ సిటీ అని మార్చుకున్నారు. ఇద్దరు భాగస్తులు, ఇద్దరి పేర్ల మీదా రెండు ఊళ్ళు.

అదే 1916లో జాన్సన్ తన ఫ్యాక్టరీల్లో రోజుకు 8 గంటల పని పెట్టాడు. దేశం మొత్తానికి పనిగంటల చట్టం వచ్చింది 1938లో. అంటే 22 ఏళ్ళ ముందే. దాంతోపాటు ఉచిత వైద్యం, లాభాల్లో వాటా, వాయిదాల మీద ఇళ్ళు. ఫ్యాక్టరీ పక్కన చవకగా భోజనం పెట్టే హోటళ్ళు కూడా ఉండేవి.

నువ్వు చూసిన ఆర్చి 1920లో కట్టింది. ఎండికాట్‌లో దాని జోడీ ఇంకొకటి ఉంది. రెండూ కంపెనీ కట్టించినవి కావు, పనివాళ్ళు తమంతట తాము కట్టుకున్నవి. ‘స్క్వేర్ డీల్’ అంటే ఇద్దరికీ న్యాయమైన బేరం అని.

---

కృష్ణ_నుంచి_సుస్క్వెహన్నా | ఆగస్టు 23, ఉదయం 7:05

చాలా థాంక్స్ అన్నా. బస్సులో కూర్చుని రెండుసార్లు చదివాను. ఎంతమంది పనిచేసేవారు అప్పట్లో? ఇంత చిన్న ఊళ్ళో అంతమంది జనం ఎక్కడి నుంచి వచ్చారు?

---

పాత_ఎండికాట్ | ఆగస్టు 23, సాయంత్రం 6:30

1920ల నాటికే 20,000 మంది. 1940ల మధ్యలో 24,000 పైన, ఏటా 5 కోట్లకు పైగా జతలు. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ అమెరికా సైనికులు ఇక్కడి బూట్లు తొడుక్కున్నారు.

జనం తూర్పు యూరప్ నుంచి, ఇటలీ నుంచి వచ్చారు. స్లోవాక్‌లు, చెక్‌లు, పోలిష్‌వాళ్ళు, ఉక్రేనియన్లు, ఇటాలియన్లు. ఓడ దిగగానే వాళ్ళకు వచ్చిన ఇంగ్లీషు ఒక్క ముక్కేనని ఇక్కడ తరతరాలుగా చెప్పుకుంటారు: “విచ్ వే ఈజే?” ఈజేకి దారి ఎటు, అని. ఎండికాట్ ఉత్తరం వైపు వెళ్తే బంగారు రంగు గుమ్మటాల చర్చిలు కనిపిస్తాయి, అవి వాళ్ళు కట్టుకున్నవే. ఇక్కడ అందరూ తినే స్పీడీ, అదే పుల్లకు గుచ్చి కాల్చిన మాంసం ముక్కలు బ్రెడ్డులో పెట్టి ఇస్తారు చూడు, అది కూడా ఇక్కడి ఇటాలియన్లదే.

నేను మొదట అద్దెకున్న ఇంటి ముసలావిడ స్లోవాక్. ఈజేలో బూటు పైభాగం కుట్టే గదిలో 30 ఏళ్ళు పనిచేసింది. జీతం నెలకు ఇంతని కాదు, ముక్కకింత. ఒక బండి నిండా బూట్లు వస్తాయి, దానికి చీటీ కట్టి ఉంటుంది. నీ పని అయ్యాక నీ వంతు చీటీ ముక్క కత్తిరించి దాచుకోవాలి, వారం చివర కాగితం మీద అతికించి ఇవ్వాలి. “చీటీలు పోతే వారం పోయినట్టే” అనేది. ఆమె చూపుడు వేలు చివర ఒక గట్టి కాయ ఉండేది. పని మానేసి 20 ఏళ్ళయినా అది పోలేదు.

---

గుంటూరు_మెకానికల్ | ఆగస్టు 23, రాత్రి 10:20

మంచి చర్చ. నేను బోస్టన్ దగ్గర బాయిలర్లు, ప్రెషర్ వెసల్స్ డిజైన్‌లో పనిచేస్తాను. బూట్ల ఊళ్ళకూ నా ఉద్యోగానికీ ఒక సంబంధం ఉంది, అందుకే రాస్తున్నాను.

జాన్సన్, ఎండికాట్ ఇద్దరూ మసాచుసెట్స్ వాళ్ళే. అమెరికా బూట్ల పని ముందు అక్కడ పెరిగింది. లిన్, బ్రాక్‌టన్, హేవర్‌హిల్ అన్నీ బూట్ల ఊళ్ళు. మొదట్లో చెప్పులు కుట్టేవాళ్ళు ఇంటి పక్కన చిన్న కొట్టు వేసుకుని కుట్టేవారు. 1858లో లైమన్ బ్లేక్ అడుగు అట్టను పైభాగానికి కుట్టే మిషన్‌కు పేటెంట్ తీసుకున్నాడు. అక్కణ్ణుంచి పని కొట్లలోంచి ఫ్యాక్టరీల్లోకి వెళ్ళింది.

కానీ ఒక్క పని మాత్రం మిషన్‌కు లొంగలేదు. తోలు పైభాగాన్ని కాలి ఆకారపు చెక్క అచ్చు మీద లాగి, ముడతలు సర్ది, అట్టకు మేకులతో బిగించాలి. దీన్ని లాస్టింగ్ అంటారు. చేయి తిరిగిన పనివాడు రోజంతా చేస్తే 50 జతలు. మిగతా మిషన్లన్నీ ఎంత వేగంగా పనిచేసినా ఇక్కడ ఆగాల్సిందే.

దాన్ని సాధించినవాడు యాన్ మాట్జెలిగర్. దక్షిణ అమెరికాలోని సురినామ్‌లో పుట్టిన నల్లజాతి యువకుడు. లిన్ వచ్చి పగలు ఫ్యాక్టరీలో పని, రాత్రి ఇంగ్లీషు నేర్చుకోవడం, పాత సామాన్లతో నమూనా మిషన్ తయారుచేయడం. 1883 మార్చి 20న పేటెంట్ వచ్చింది. ఆ మిషన్ రోజుకు 150 జతల నుంచి 700 జతల దాకా చేసేది. బూట్ల ధర దాదాపు సగానికి పడిపోయింది. అతను మాత్రం 1889లో క్షయతో చనిపోయాడు, అప్పటికి 36 ఏళ్ళు. ఆ మిషన్ లేకపోతే ఎండికాట్‌లో కోట్ల జతలన్న మాటే లేదు.

రెండో విషయం నాకు ఇంకా దగ్గరిది. 1905లో, అదీ మార్చి 20నే, బ్రాక్‌టన్‌లో గ్రోవర్ షూ ఫ్యాక్టరీలో బాయిలర్ పేలింది. అది కప్పులోంచి పైకి లేచి బయటికి పోయింది. నాలుగంతస్తుల కట్టడం కూలి అంటుకుంది. 58 మంది చనిపోయారు. ఆ తర్వాత మసాచుసెట్స్ 1907లో బాయిలర్ల చట్టం చేసింది, దాని వెనకే ఏఎస్ఎంఈ (అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం) బాయిలర్ కోడ్, అంటే బాయిలర్లు ఎలా కట్టాలో చెప్పే నియమాల పుస్తకం, వచ్చింది. మన దగ్గర భెల్‌లోనో థర్మల్ స్టేషన్లలోనో పనిచేసినవాళ్ళకి ఆ కోడ్ తెలియకుండా ఉండదు. నేను రోజూ తెరిచే ఆ పుస్తకం వెనక ఒక బూట్ల ఊరి చావులున్నాయి. కాలేజీలో మాకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ లెక్కలు ఇంకాస్త శ్రద్ధగా చదివేవాణ్ణి.

---

వరంగల్_విజయ | ఆగస్టు 23, రాత్రి 11:02

మాట్జెలిగర్ పేరు ఇప్పుడే విన్నాను. రేపు మా తొమ్మిదో తరగతి పిల్లలకు చెప్తాను. థాంక్యూ అండీ.

---

యూనియన్_ఆఫీసు | ఆగస్టు 24, ఉదయం 8:45

పాత ఎండికాట్ గారూ, మీరు ఎంతో ప్రేమగా రాశారు. కాని ఒక వైపే చెప్పారనిపించింది. నేను 35 ఏళ్ళు జౌళి మిల్లు కార్మిక సంఘంలో పనిచేశాను. ఇల్లు యజమానిదే, ఆసుపత్రి యజమానిదే, పార్కు యజమానిదే అయినప్పుడు పనివాడు నోరు తెరిచి మాట్లాడేది ఎక్కడ? ఉద్యోగం పోతే ఒక్క జీతమే పోదు, డాక్టరూ పోతాడు. దయ అనేది ఇచ్చేవాడి ఇష్టం. హక్కు అలా కాదు, అడిగి తీసుకోవచ్చు.

జాన్సన్ యూనియన్లను రానివ్వలేదన్నది కూడా చరిత్రే కదా. 1940 జనవరిలో ఓటింగ్ జరిగినప్పుడు ఏఎఫ్ఎల్, సీఐఓ అనే రెండు కార్మిక సంఘాల సమాఖ్యలూ ఓడిపోయాయి. పనివాళ్ళు ‘రెండూ వద్దు’ అని భారీగా ఓటేశారు. దాన్ని కంపెనీ మీద ప్రేమ అనవచ్చు, భయం అనవచ్చు. నా అనుభవంలో రెండూ కలిసే ఉంటాయి. పెద్దాయన బతికున్నంతకాలం ఆయన మాట చెల్లింది. 1948లో ఆయన పోయాక ఆ మాటకు కట్టుబడాల్సిన కాగితం ఎవరి చేతిలో ఉంది?

---

పాత_ఎండికాట్ | ఆగస్టు 24, మధ్యాహ్నం 1:10

మీరన్నది కాదనను. ఆ చివరి ప్రశ్న చాలా బలమైనది, దానికి జవాబు ఆ తర్వాత జరిగిందాంట్లోనే ఉంది.

ఒక్కటి మాత్రం చెప్పాలి. ఆయన ఇళ్ళను అద్దెకు ఇవ్వలేదు, అమ్మాడు. పనివాడు వాయిదాలు కట్టి సొంతం చేసుకున్నాడు. నేను అద్దెకున్న ఇంటి ముసలావిడ నాన్న అలాగే కొనుక్కున్నాడు. ఆమె అదే ఇంట్లో పుట్టింది, అదే ఇంట్లో పోయింది. ఆమెకు ఒకసారి ఇదే అడిగాను, యూనియన్ ఎందుకు వద్దన్నారని. కాసేపు ఊరుకుని, “ఆయన మా వీధిలోనే తిరిగేవాడు, ముఖం మీదే అడగొచ్చు అనుకున్నాం” అంది. తర్వాత తనే, “ఆయన కొడుకుల కాలంలో ఎవరిని అడగాలో తెలియలేదు” అంది.

1950ల నుంచి నష్టాలు మొదలయ్యాయి. ఫ్యాక్టరీలు ఎత్తైన అంతస్తులవి, పాతవి. సరుకు పైకీ కిందికీ మోయడానికే మనుషులు కావాలి. ఈజే చేసేది ఎక్కువగా పనివాళ్ళ బూట్లు, చవక బూట్లు, పిల్లల బూట్లు. సరిగ్గా ఆ చవక రకంలోనే బయటి దేశాల సరుకు ముందు దిగింది. జనం కూడా తోలు బూట్లు మానేసి కాన్వాస్‌కి, రబ్బరుకి మారారు. 1960ల నుంచి ఒక్కొక్క ఫ్యాక్టరీ మూత. 1990లు ముగిసేసరికి ఇక్కడ బూటు కుట్టడమే అయిపోయింది.

ఊరు అప్పుడే పూర్తిగా పడిపోకపోవడానికి కారణం ఐబీఎం. అది కూడా ఇక్కడిదే. 1889లో బింగమ్‌టన్‌లో పనివాళ్ళ రాకపోకల టైము కొట్టే గడియారాల కంపెనీ మొదలైంది, తర్వాత ఎండికాట్‌కు మారింది, కలుపుకుంటూ పోతే 1924కి ఐబీఎం అయింది. బూట్లు పోతున్నా కంప్యూటర్లు ఉన్నాయని ఊరు ధైర్యంగా ఉండేది. 2002లో ఐబీఎం కూడా ఎండికాట్ ప్లాంటును అమ్మేసింది. ఆ ఏడాది మా తెలుగు కుటుంబాలు చాలావరకు ఊరు ఖాళీ చేశాయి. ఉగాదికి హాలు బుక్ చేయడానికి కూడా మనుషులు చాలలేదు. కొన్నేళ్ళ ముందు ఆ ముసలావిడ తన వీధి గురించి చెప్పిందంతా అప్పుడు మా వీధిలో కళ్ళారా చూశాను.

---

ఆరె_గూటం | ఆగస్టు 25, రాత్రి 12:30

నేను ఇక్కడ ఎప్పుడూ రాయలేదు, చదువుతుంటాను. ఈ చర్చ చూశాక నిద్ర పట్టలేదు.

మాది కరీంనగర్ వైపు. మేము మాదిగలం. మా తాత మోట బొక్కెనలు కుట్టేవాడు. ఇప్పటి పిల్లలకు తెలియదు కాబట్టి చెప్తున్నా, బావిలోంచి ఎద్దులతో నీళ్ళు తోడే పెద్ద తోలు బొక్కెన, దానికి కింద తొండం. చచ్చిన పశువు తోలు ఒలిచి, సున్నంలో నానేసి, వెంట్రుక గీకి, లందలో తంగేడు చెక్క నీళ్ళలో వారాల తరబడి ఊరబెడితే తోలు అవుతుంది. ఊరికంతటికీ చెప్పులు, ఎడ్లకు వార్లు, పగ్గాలు, డప్పు, అన్నీ మా ఇంటి నుంచే పోయేవి. జీతం లేదు, కళ్ళం దగ్గర కొలిచి ఇచ్చే గింజలే.

ఆ చెప్పులు కుట్టిన మా తాత, దొర గడీ ముందుకు రాగానే తన చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని నడిచేవాడు. కుట్టేది ఆయనే, తొడుక్కోవడానికి ఆయనకే హక్కు లేదు. మా నాన్న ఈ మాట చెప్పేటప్పుడు ఇప్పటికీ గొంతు ఆగిపోతుంది.

కరెంటు మోటార్లు వచ్చాక మోట పోయింది. రబ్బరు చెప్పులు వచ్చాక తోలు చెప్పులు పోయాయి. నాన్న బస్టాండు ముందు గొడుగు కింద కూర్చుని తెగిన చెప్పులు కుట్టి మమ్మల్ని చదివించాడు. ఆరె, రంపె, గూటం, మైనం పూసిన దారం, ఇంతే ఆయన ఫ్యాక్టరీ.

ఇప్పుడు మీరంటున్నారు, బూట్లు కుట్టేవాళ్ళు తమ పని పేరు మీద ఊరి నడిరోడ్డులో ఆర్చి కట్టుకున్నారని. ఊరి పేర్లు కూడా బూట్ల కంపెనీ వాళ్ళ పేర్లేనని. యూనియన్ గారు చెప్పింది నిజమే, అది యజమాని రాజ్యమే కావచ్చు. అయినా నాకు ఆ ఆర్చి ఫోటో కావాలి. తమ్ముడూ, వీలైతే పెట్టు. పొద్దున్నే నాన్నకు చూపిస్తా.

---

కృష్ణ_నుంచి_సుస్క్వెహన్నా | ఆగస్టు 25, ఉదయం 6:50

అన్నా, ఇప్పుడే వెళ్ళి నాలుగు వైపుల నుంచీ తీశాను. పెట్టాను చూడండి. దగ్గరికి వెళ్తే బస్సులోంచి కనిపించినదానికంటే పెద్దగా ఉంది.

---

యూనియన్_ఆఫీసు | ఆగస్టు 25, ఉదయం 9:15

ఆరె గూటం గారూ, మీరు రాసింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. నేను వేతనం, పనిగంటలు లెక్క చూశాను. గౌరవం లెక్క మీరు చూపించారు. మా సంఘంలో కూడా తోలు పని నుంచి వచ్చినవాళ్ళు ఉండేవారు. వాళ్ళను మేము ఎప్పుడూ ఈ ప్రశ్న అడగలేదు. అడగాల్సింది.

---

బందరురోడ్డు_సాంబ | ఆగస్టు 25, సాయంత్రం 5:40

బాటా గురించి ఎవరూ ఎత్తలేదే. మనందరి స్కూలు బూట్లు అవే కదా. జూన్‌లో కొత్త పుస్తకాలు, కొత్త బూట్లు, ధర చివర 95 పైసలు. చాలామంది అది మన దేశపు కంపెనీ అనుకుంటారు.

దాన్ని స్థాపించిన తొమాష్ బాత్యా చెక్ దేశంలోని జ్లీన్ ఊరివాడు. 1904లో అమెరికా వచ్చి, పైన గుంటూరు మెకానికల్ గారు చెప్పిన లిన్‌లోనే బూట్ల ఫ్యాక్టరీలో మామూలు పనివాడుగా చేరి పని నేర్చుకున్నాడు. తిరిగి వెళ్ళి జ్లీన్‌ను పూర్తిగా బూట్ల ఊరు చేశాడు. ఫ్యాక్టరీలు, ఒకే రకం ఇటుక ఇళ్ళు, ఆసుపత్రి, బడి. జాన్సన్ ఇక్కడ ఏం చేశాడో దాదాపు అదే నమూనా. 1932లో విమాన ప్రమాదంలో పోయాడు. 1934లో కలకత్తా పక్కన హుగ్లీ ఒడ్డున బాటానగర్ మొదలైంది, అదీ అదే నమూనాలో. అంటే లిన్‌లో నేర్చిన పని జ్లీన్ మీదుగా మా బెజవాడ బందరు రోడ్డు షాపు దాకా వచ్చిందన్నమాట. మా నాన్న ఒక సైజు పెద్దవి కొనేవాడు, ముందు దూది పెట్టుకుని తొడుక్కునేవాళ్ళం.

---

మాంబట్టు_షిఫ్ట్ | ఆగస్టు 26, రాత్రి 10:05

నమస్తే. నేను తడ దగ్గర మాంబట్టులో బూట్ల ఫ్యాక్టరీలో ఆరేళ్ళు పనిచేసిన అమ్మాయిని. మా అక్క ఇంకా చేస్తోంది. అక్కడ అపాచీ సెజ్‌లో ఆడిడాస్ బూట్లు తయారవుతాయి, వేలమంది ఉంటారు, ఎక్కువమంది ఆడవాళ్ళమే. తెల్లవారకముందే బస్సులు ఊళ్ళలోకి వస్తాయి. నెల్లూరు జిల్లా ఆ చివరి నుంచి, తమిళనాడు వైపు నుంచి కూడా వస్తారు.

చెక్క అచ్చు గురించి రాశారు కదా, మా దగ్గర అది ప్లాస్టిక్‌ది, లాస్ట్ అనే అంటాం. పైభాగం కుట్టే లైను వేరు, అతికించే లైను వేరు. మేకులు ఉండవు, జిగురు పూసి వేడి చేసి నొక్కుతారు. నేను కుట్టు లైనులో ఉండేదాన్ని. ఒక్కొక్కరం ఒక్క కుట్టే కుడతాం. ఆరేళ్ళలో నేను ఒక పూర్తి బూటు మొదటి నుంచి చివరిదాకా చేసింది లేదు. గంటకు ఇన్ని అని బోర్డు మీద రాసి ఉంటుంది, మొదటి నెలల్లో ఆ నెంబరు చూస్తేనే టెన్షన్.

అయినా ఒక మాట చెప్తాను. ఆ జీతంతోనే నాన్న అప్పు తీర్చాం, నేను డిగ్రీ పూర్తిచేశాను. మా ఊళ్ళో ఆడపిల్లలకు పొలం పని తప్ప ఇంకోటి ఉండేది కాదు, సొంత బ్యాంకు అకౌంటు అన్నది మాతోనే మొదలైంది. ఆ స్లోవాక్ అమ్మమ్మ చీటీలు దాచుకునేదని చదివితే మా అక్క గుర్తొచ్చింది. అక్క తన మొదటి జీతం స్లిప్పు ఇప్పటికీ బీరువాలో పెట్టుకుంది.

---

పాత_ఎండికాట్ | ఆగస్టు 26, రాత్రి 11:20

అమ్మా, నువ్వు రాసినందుకు చాలా సంతోషం. ఈ చర్చలో బూటు మీద నిజంగా చేయి వేసినవాళ్ళు ఇద్దరే ఉన్నారు, నువ్వూ ఆరె గూటం గారి కుటుంబమూ.

ఇప్పుడు అమెరికాలో అమ్ముడయ్యే బూట్లు దాదాపు అన్నీ బయట తయారైనవే. మసాచుసెట్స్ నుంచి పని ఎండికాట్‌కు వచ్చినప్పుడు లిన్‌లో, బ్రాక్‌టన్‌లో ఎంతోమంది ఖాళీ అయ్యారు. ఎండికాట్ నుంచి పోయినప్పుడు ఆ స్లోవాక్ ముసలావిడ వీధి ఖాళీ అయింది. ఇప్పుడు అది మీ మాంబట్టులో ఉంది. మీ ఊళ్ళలో ఇది చాలాకాలం ఉండాలని కోరుకుంటున్నాను. దానితోపాటు మీ చేతిలో డిగ్రీ ఉండటం ఇంకా మంచిది.

కృష్ణా, నువ్వు లేబర్ డే (సెప్టెంబర్ మొదటి సోమవారం సెలవు) లోపు ఒకసారి సి. ఫ్రెడ్ జాన్సన్ పార్కుకు వెళ్ళు. రంగులరాట్నం ఉంది. జాన్సన్ కుటుంబం 1920, 30లలో ఈ చుట్టుపక్కల పార్కులకు ఆరు రంగులరాట్నాలు ఇచ్చింది. ఎక్కడానికి డబ్బు తీసుకోకూడదని షరతు. చిన్నప్పుడు డబ్బులేక జార్జ్ జాన్సన్ ఎక్కలేకపోయాడని చెప్పుకుంటారు. నీ పార్కులో ఉన్నదే అన్నిటికన్నా పెద్దది, 72 చెక్క బొమ్మలు, నాలుగు వరసలు. వేసవి అయ్యాక మూసేస్తారు.

---

యూనియన్_ఆఫీసు | ఆగస్టు 27, ఉదయం 8:10

మాంబట్టు అమ్మాయీ, ఒక సలహా. జీతం స్లిప్పులతోపాటు పీఎఫ్ నెంబరు, ఈఎస్ఐ కార్డు కాగితాలు కూడా అక్క చేత జాగ్రత్తగా దాయించు. ఎండికాట్‌లో దయగా ఇచ్చిన వైద్యం ఇక్కడ చట్టంగా ఉంది, వాడుకోవాలి. నువ్వు మానేసినప్పుడు పీఎఫ్ తీసుకున్నావా? లేకపోతే నాకు మెసేజ్ పెట్టు, ఎలాగో చెప్తాను.

---

మాంబట్టు_షిఫ్ట్ | ఆగస్టు 27, రాత్రి 9:30

తీసుకోలేదు సార్. మెసేజ్ పెట్టాను.

---

కృష్ణ_నుంచి_సుస్క్వెహన్నా | సెప్టెంబర్ 1, రాత్రి 8:50

ఈరోజు వెళ్ళాను. రంగులరాట్నం ఎక్కాను. టికెట్ లేదు, నిజంగానే. నా పక్క గుర్రం మీద ఒక పెద్దాయన, ఒళ్ళో మనవరాలు. మాటల్లో తెలిసింది, ఆయన తల్లీ తండ్రీ ఇద్దరూ ఈజేలోనే పనిచేశారట. ఎక్కణ్ణుంచి వచ్చావని అడిగి, పెద్ద కట్టడాలన్నీ వేలు పెట్టి చూపించాడు. విక్టరీ బిల్డింగ్ అని ఒకటి, చాలా ఏళ్ళు అద్దాలు పగిలి పాడుబడి ఉండేదట, ఇప్పుడు అపార్ట్‌మెంట్లు చేశారు. “మా అమ్మ మూడో అంతస్తులో కూర్చునేది” అన్నాడు. ఆ కిటికీ వైపు చాలాసేపు చూశాడు.

తిరిగి వచ్చేటప్పుడు పాత సామాన్ల దుకాణంలోకి వెళ్ళాను. ఒక బుట్టలో చెక్క అచ్చులు ఉన్నాయి, గుంటూరు మెకానికల్ గారు చెప్పినవే. జతలు లేవు, ఒక్కొక్కటే. ఎడమ కాలిది ఒకటి 8 డాలర్లకు కొన్నాను. మడమ దగ్గర సైజు నెంబరు కొట్టి ఉంది, పక్కల మేకుల గాట్లు ఉన్నాయి. ఆరె గూటం అన్నా, ఇది మీ నాన్నగారి కోసం. సంక్రాంతికి ఇంటికి వస్తున్నాను, కరీంనగర్ వచ్చి ఇస్తాను.

---

ఆరె_గూటం | సెప్టెంబర్ 2, ఉదయం 6:15

తమ్ముడూ, ఏం రాయాలో తెలియడం లేదు. నాన్నకు ఫోటో చూపించా. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. పక్కనున్న మేకుల గాట్లు పెద్దవి చేసి చూపించమన్నాడు. “వీడు ఎడమ చేతివాటం మనిషి, గాట్లు చూడు ఎట్లా వంగినయో” అన్నాడు. ఏ చెక్క అని అడుగుతున్నాడు.

---

కృష్ణ_నుంచి_సుస్క్వెహన్నా | సెప్టెంబర్ 2, ఉదయం 7:20

మేపుల్ అంట అన్నా, దుకాణం ఆవిడ చెప్పింది. చేతిలో పట్టుకుంటే బరువుగా ఉంది.

---

ఆరె_గూటం | సెప్టెంబర్ 2, ఉదయం 7:31

చెప్పా. తేమ తగలకుండా బట్టలో చుట్టి తెమ్మంటున్నాడు.